మంచం కింది బాణాలు

రెండువేల ఆరు వేసవిలో మా చినబాబు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే ఇంట్లో కాదు, బస్ కాంప్లెక్స్ వెనకాల కొత్తగా పెట్టిన కంప్యూటర్ ఆటల షాపులో. ఒకరోజు వెతుక్కుంటూ వెళ్లి చూద్దును కదా, తెర మీద తుపాకీ, దాని ముందు మనుషులు. పేల్చగానే గోడకు నెత్తురు చిమ్ముతోంది. వాడు రెప్ప వెయ్యడం లేదు. చిన్నప్పుడు చీమను తొక్కితే ఏడ్చిన పిల్లాడు!

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన నాతవరం రూట్లో ఆటో తోలతారు.

“సచ్చేది బొమ్మలే, మనుసులు కాదు,” అన్నారు.

“సెయ్యి అలవాటు పడిపోదేటి?”

“నేను రోజల్లా హారన్ కొడతాను. అన్నం తినేటప్పుడు కొడతన్నానేటి?”

ఆయన మాటకు ఆయనే నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ వారమే షాపులో కామమ్మగారి అబ్బాయి రాజుబాబుతో మావాడికి గొడవైంది. ఆ పిల్లాడి వంతు మావాడు ఆడేశాడట. కాలర్లు పట్టుకున్నారు. “రోడ్డు మీద దొరుకు, లేపేస్తాను” అని మావాడు అన్నాడని పక్కింటి సీతాలు చెప్పింది. దాంతో నాకు తిండి సయించలేదు.

మర్నాడు లేచేసరికి వాడు ఇంట్లో లేడు. వాడి మంచం కింద ఊడుస్తుంటే చీపురుకు గోనెమూట తగిలింది. విప్పితే రెండు బాణాలు. కొసలకు కొత్తగా సానపట్టిన ఇనుప ములుకులు. మూట వదులుగా ఉంది. మిగిలినవి పట్టుకుపోయాడన్నమాట. తుపాకీ దొరక్క బాణాలు తెచ్చుకున్నాడనుకున్నాను.

చెప్పులైనా వేసుకోకుండా కామమ్మగారింటికి పరిగెత్తాను. రాజుబాబు అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. ప్రాణం లేచివచ్చింది.

“అమ్మా, మీ అబ్బాయిని ఇయ్యాళ గడప దాటనివ్వకండి,” అన్నాను.

కామమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏటండీ, మీవోడు మావోడిని ఏసేత్తాడా?”

“అలాగని కాదు...”

“మరెలాగని? పొద్దున్నే వొచ్చి శకునం సెప్తన్నారా?”

బాణాల సంగతి నోటికి రాలేదు. చెబితే పోలీసులొస్తారు. చెప్పకపోతే ఒక పిల్లాడి ప్రాణం. అందుకని అరుగు మీదే చతికిలబడ్డాను. మావాడు ఆ పిల్లాడి మీదికి రావాలంటే ముందు నన్ను దాటాలి కదా.

“కాపలాకి జీతం కూడా ఇవ్వాలేటి?” అంది కామమ్మ. మధ్యాహ్నం మళ్లీ ఆవిడే మజ్జిగ ఇచ్చింది. రాజుబాబు సినిమాకు వెళ్తానంటే చేతులు అడ్డంపెట్టి ఆపాను. సైకిలు గంట మోగినా లేచి వీధిలోకి తొంగిచూసేదాన్ని.

పొద్దు వాలాక వీధి మలుపులో మావాడు కనబడ్డాడు. పక్కన సింగన్న. చింతపల్లి వైపు కొండ ఊరివాడు, హాస్టల్లో ఉండి మావాడితోనే ఇంటర్ చదివాడు. చినబాబు చొక్కా నిండా ఎండిన మరకలు. ఎదురు పరిగెత్తి వాడి రెండు చేతులూ పట్టేసుకున్నాను.

“ఎవుల్ని సంపావురా?”

అప్పుడు వాసన కొట్టింది. నెత్తురు కాదు, పేడ.

సింగన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. “మా ఊరు ఇటుకల పండక్కి తీసుకెళ్లాను పిన్నీ. మగోళ్లందరూ ఏటకెళ్లాల. ఉత్త సేతుల్తో వొత్తే ఆడోళ్లు పేడనీళ్లు కొడతారు. ములుకులు ఇక్కడి కమ్మరి సేత సేయించాను. హాస్టల్లో ఊరుకోరని బాణాలు మీ ఇంట్లో ఎట్టాను.”

మాది కింద మైదానంలో, ఎస్. రాయవరం వైపు. కొండ మీద ఇలాంటి పండగ ఉందని నాకెవరు చెప్పారు?

“కుందేలు ఎదురుగుండా నిలబడిపోనాది పిన్నీ. ఈడు విల్లు లాగి అలాగే ఉండిపోనాడు. షాపులో అంతమందిని లేపేసినోడు!”

అరుగు మీద నుంచి రాజుబాబు కేకేశాడు. “లేపేస్తానన్నావు గదరా, ముందు పేడ కడుక్కో!”

మావాడు తలెత్తలేదు. వాడిని ఇంటికి లాక్కొచ్చి, నూతి దగ్గర నిలబెట్టి నీళ్లు పోశాను.

“ఎందుకు ఎయ్యలేదురా?”

“అది నన్నే సూత్తందే అమ్మా.”

నా కడుపు చల్లబడింది. నా బిడ్డ నా బిడ్డే అనుకున్నాను. మళ్లీ చెంబు ముంచుతుంటే ఆ సంతోషం నిలవలేదు.

“అది అటు తిరిగుంటేనో?”

వాడు చెంబు నా చేతిలోంచి తీసుకుని, అటు తిరిగి, తనే తల మీద పోసుకున్నాడు.