ఎడమ పక్క

విశ్వాసమ్మ కోపం మాటల్లో మొదలై మౌనంలోకి దిగుతుంది. ఆ సంగతి కోడుమూరులో ఆమె వీధంతటికీ తెలుసు. తనను అడక్కుండా రెండు మేకల్ని అమ్మేశాడని మొగుడు దావీదురాజుతో "ఇంక నీ మొగం చూడను" అనేసింది. అదే మధ్యాహ్నం ఆయన పక్షవాతం వచ్చి పడిపోయాడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి పది రోజులైంది. చర్చిలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. ముప్పై ఏళ్ళ ఆ అలవాటు కొద్దీ ఇంట్లోనూ ఆమె ఆయనకు ఎడమ పక్కే కూర్చునేది. ఆయన కన్నెత్తి చూస్తే ఒట్టు. చూడ్డానికొచ్చి కుడి పక్కన కూర్చున్న పాస్టరుతో మాత్రం బాగానే మాట్లాడాడు. సంగటి పెడితే కుడి సగం తిని, ఎడమ పక్కనున్న వేరుశెనగ ఊరిబిండి పచ్చడిని ముట్టకుండానే కంచం తోసేశాడు. తన మాటను తనకే అప్పజెబుతున్నాడనుకుని ఆమె కూడా బిగుసుకుపోయింది. లోపల మాత్రం, ఆ మాటన్న నోటిని తిట్టుకోని రోజు లేదు.

మళ్ళీ చూపించడానికి కర్నూలు తీసుకుపోతే డాక్టరు సుప్రజ ఆయన చేత గడియారం బొమ్మ గీయించింది. అంకెలన్నీ కుడి పక్కనే కుక్కాడు.

"కండ్లు బాగానే ఉండాయమ్మా. మెదడే ఎడమ పక్కను పట్టించుకోవడం మానేసింది," అంది డాక్టరు.

కన్ను అన్నిటినీ మోసుకొస్తుందట. మనం ధ్యాస పెట్టినదానికే మెదడులోని కణాలు గట్టిగా పలుకుతాయట. ధ్యాస లేనిచోట ఎదురుగా ఉన్నదీ లేనట్టేనట. కుడి పక్కకు పోతే ఇప్పుడే చూస్తాడు గానీ, ఎడమ పక్క నుంచి పిలుస్తూ, ఆ పక్క చెయ్యి తడుతూ ఉంటే ఆ పక్క మెల్లగా మేలుకోవచ్చని చెప్పింది.

విశ్వాసమ్మకు సిగ్గేసింది, పోయిన ప్రాణం లేచొచ్చినట్టూ అయింది. ఒక్కసారి కుడి పక్కకు పోయి ఆయన కంట పడాలని మనసు కొట్టుకుంది. పోలేదు. ఇంటికొచ్చి ఎడమ పక్కే కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. పిలిచినప్పుడల్లా ఆయన కుడి పక్కకే తిరిగి వెతికేవాడు. అది చూడలేక ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ పిలిచేది.

ఆరో రోజు మెడ కొద్దిగా ఇటు తిరిగింది. చూపు గోడ మీద తడబడి, ఆమె మొహం మీద ఆగింది.

"గొంతు వినపడతాండాది, మనిషివి యాడా కనపడవు. నన్ను ఇడిసిపెట్టి పోతివనుకుంటి," అన్నాడు. "ఎప్పుడొచ్చినావు?"

ఇన్నాళ్ళూ ఆ మంచం పక్క నుంచి కదలని మనిషి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే వచ్చినా," అంది.