నాలుగు నెలల తేడా

బస్సు కింద దూరి, వెనక చక్రాల లోపలివైపు గట్టిపడిన బురదను ఇనుపరేకుతో గీకుతుండగా చిన్నోడికి గేటు దగ్గర ఆగిన చెప్పుల జత కనబడింది. కిందినుంచి చూసి మనుషులను చెప్పులను బట్టి పోల్చుకోవడం అతనికి ఎప్పటి నుంచో అలవాటు. కుడి మడమ పక్కకు అరిగిపోయిన ఆ చెప్పులు అన్నవే. పట్టపగలు కుట్టుమిషన్ వదిలి అన్న ఇంత దూరం వచ్చాడంటే ఏదో జరిగే ఉంటుంది.

పాకుతూ బయటికి వచ్చాడు. రబ్బరు బూట్లలోకి చేరిన నీళ్లు అడుగు వేసినప్పుడల్లా కిచకిచమంటున్నాయి. ఏళ్ల తరబడి తడిలో నానిన వేళ్ల సందులు తెల్లగా పాచిపోయి ఉన్నాయి. చలికాలంలో అవి పగిలి నెత్తురొస్తుంది, తక్కిన రోజుల్లో ఊరికే మండుతుంటాయి. తల పూర్తిగా నెరిసింది. నడుం వంగింది. అయినా డిపోలో అందరికీ అతను చిన్నోడే. పనిలో చేరిన కొత్తలో ముందు అద్దం అందక బకెట్టు బోర్లించుకుని ఎక్కేవాడు. అప్పుడు పెట్టిన పేరది. పెట్టినవాళ్లు ఒక్కొక్కరే రిటైరై వెళ్లిపోయారు గానీ పేరు మాత్రం పోలేదు.

అన్న చేతిలో ఒక అట్ట ఫైలు ఉంది. అన్న కూతురు, అల్లుడు పరాయి దేశంలో స్థిరపడ్డారు. అమ్మానాన్నలను శాశ్వతంగా తమ దగ్గరికే తీసుకెళ్లాలని వాళ్ల పట్టుదల. కాగితాలన్నీ సమకూర్చుకోవడానికే ఏడాది పట్టింది. తీరా నిన్న ఇవ్వబోతే వీసా ఆఫీసు కౌంటరులో ఆవిడ ముద్ర వేయకుండానే వెనక్కి తోసింది.

కుటుంబ వివరాల పత్రంలో తల్లిదండ్రులవి, తోబుట్టువులవి పుట్టిన తేదీలు రాయాలట. అమ్మానాన్నలు ఎప్పుడు పుట్టారో వాళ్లకే తెలియదు, ఇక వీళ్లకేం తెలుస్తుంది? దానికి ఆవిడ అడ్డు చెప్పలేదు. తెలియదనే రాసి, ఎందుకు తెలియదో కింద రెండు ముక్కలు చేర్చి సంతకం పెట్టండి, పోయినవాళ్ల సంగతి అంతకంటే ఎవరు తేగలరు అంది. చిక్కంతా బతికున్న తమ్ముడి దగ్గరే వచ్చిపడింది. అన్న పాస్‌పోర్టులోని తేదీకీ, తమ్ముడి డిపో కార్డులోని తేదీకీ మధ్య తేడా నాలుగు నెలలే. ఒకే తల్లికి నాలుగు నెలల తేడాతో ఇద్దరు కొడుకులు ఎలా పుట్టారో రాతపూర్వకంగా చెప్పమంది.

ఇది విని చిన్నోడికి నవ్వొచ్చింది. "అమ్మ వినుంటే చీపురు తిరగేసేది," అన్నాడు.

అన్న నవ్వలేదు. "నీ తేదీ తప్పని మీ ఆఫీసువాళ్లు రాసివ్వాలట. అసలు తేదీ తెలియదని నువ్వు సంతకం పెట్టాలి. అంతేరా."

ఆ తేదీ ఎలా పుట్టిందో ఇద్దరికీ తెలుసు.

వాళ్ల నాన్న కూడా ఇదే డిపోలో బస్సులు కడిగేవాడు. జ్వరంతోనే పనికొచ్చి, తడిబట్టలతోనే ఇంటికెళ్లి, ఆ వారంలోనే పోయాడు. ఆయన పని ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. న్యాయంగా అది పెద్దవాడిది. పెద్దవాడికేమో పుట్టుక నుంచీ ఛాతీ బలహీనం. కాస్త తడి తగిలితే ఆయాసం. అమ్మ ఎవరితోనూ ఏమీ అనకుండా చిన్నవాడి చెయ్యి పట్టుకుని డిపోకి లాక్కొచ్చింది. పద్దెనిమిది నిండాలన్నారు. నిండాయంది. అప్పటి గుమాస్తా మీసాలు మొలవని ఆ ముఖాన్ని చూశాడు, తల్లి ముఖాన్ని చూశాడు, వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టి ఒక తేదీ రాసేశాడు. ఇంట్లో ఇంకొకడున్నాడని, వాడికీ బళ్లో ఒక తేదీ పడి ఉందని ఎవరికి తట్టింది? పెద్దవాడు ఆ ఏడే దర్జీ దగ్గర పనికి కుదిరాడు.

సాయంత్రం ఇంటికొస్తానని చెప్పి చిన్నోడు అన్నను పంపించాడు. మధ్యాహ్నం రికార్డుల గది గుమ్మం ముందు బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. పాదాల తడి గచ్చు మీద అచ్చులు పడుతుంటే గోడవారగా నిలబడ్డాడు. ఇప్పటి గుమాస్తా మంచివాడే. కూర్చోమన్నాడు, బట్టలు తడిగా ఉన్నాయని చిన్నోడు కూర్చోలేదు. అంతా విని గుమాస్తా లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"రాసివ్వడం నాకు నిమిషం పని. ఈ తేదీ తప్పంటే మరి ఒప్పేదని పైవాళ్లు అడుగుతారు. వయసు చాలకుండా చేరావని తేలితే నీ సర్వీసే చెల్లదనొచ్చు. రిటైర్మెంటు ముందు పెట్టుకుని నీకెందుకయ్యా ఇదంతా?"

"అంత లోతుగా చూస్తారంటారా?"

"నిన్ను ఇప్పటికీ చిన్నోడనే పిలుస్తున్నారు కదయ్యా," అని గుమాస్తా నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ మధ్యాహ్నం చిన్నోడు ఎప్పటిలాగే బస్సులు కడిగాడు. సీట్ల కింద నలిగిన టికెట్లు, తొక్కలు ఊడ్చాడు. ఎవరో పసివాడు కక్కిన చోట రెండుసార్లు రుద్దాడు. పైపు వదిలేసి ఎక్కడో చూస్తూ నిలబడిపోతే, నీళ్లు వృథా పోతున్నాయని డ్రైవరొకడు వచ్చి పంపు కట్టేశాడు. సాయంత్రానికి అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఒక్క మనిషి తినే తిండి ఎంతని? భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఎలాగోలా గడిచిపోతుంది.

అన్న ఇంటి ముందుగదే దుకాణం. అన్న మిషన్ మీద వంగి ఉన్నాడు. సంతకం పెట్టేస్తానని చిన్నోడు గుమ్మంలోనే చెప్పాడు. గుమాస్తా ఏమన్నాడని అన్న అడిగితే ఏమీ అనలేదన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అన్న మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి ఆపి, మళ్లీ అడిగాడు. ఉన్నదంతా చెప్పక తప్పలేదు.

"అయితే వద్దు," అన్నాడు అన్న. "నీ నోటి దగ్గర కూడు లాగేసి నేను విమానం ఎక్కాలా? పిల్లకి నేను చెప్పుకుంటాను."

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మనవరాలు పుట్టి నడుస్తోంది కూడా. ఆమె ఆ పిల్లను ఇంతవరకూ ఫోన్లోనే చూసింది. చేతులు తుడుచుకుంటున్న గుడ్డతోనే కళ్లు ఒత్తుకుని లోపలికి వెళ్లింది. చిన్నోడు అది చూశాడు.

"నన్ను తీసెయ్ అన్నయ్యా," అన్నాడు.

"ఏంటి తీసేది?"

"తోబుట్టువులు ఎవరూ లేరని రాసెయ్. వేరే కౌంటరులో ఇవ్వు. కాగితమేగా. కాగితంలో లేనంత మాత్రాన ఇంటికొస్తే వదిన అన్నం పెట్టకుండా పంపిస్తుందా?"

అన్న మిషన్ బల్ల అంచును వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. కాసేపటికి వదిన వచ్చి, ఎవరూ అడగకుండానే, ఏమీ రాయని పత్రం ఒకటి బల్ల మీద పెట్టింది. అది నిన్ననే తెచ్చి ఉంటుంది. తనకంటే ముందే ఆమెకు ఈ ఆలోచన వచ్చిందని చిన్నోడికి అర్థమైంది. కోపం రాలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఆ రాత్రి వదిన కంచంలో అడక్కుండానే రెండోసారి వడ్డించింది.

తమ్ముడి పేరు లేని పత్రం కదిలింది. అనుకున్నదాని కంటే తొందరగానే అనుమతి వచ్చింది. విమానాశ్రయానికి రమ్మని అన్న పదే పదే పిలిచాడు.

"అక్కడ ఎవరైనా నువ్వెవరని అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు చిన్నోడు.

"ఎవరూ అడగర్రా. నిన్నెవరు అడుగుతారు?"

చిన్నోడికి నమ్మకం కుదరలేదు. జీవితమంతా కౌంటర్లకు ఇవతలే నిలబడ్డవాడు. తన వల్ల ఆఖరి నిమిషంలో ఏ మెలిక పడుతుందోనని ముందురోజే వెళ్లి అన్నను, వదినను చూసి వచ్చాడు. వాళ్లు బయల్దేరిన పొద్దున బస్సు కింద దూరి చక్రాలు గీకుతున్నాడు. గేటు దగ్గర చెప్పులు చాలా కదిలాయి గానీ అతను తల తిప్పి చూడలేదు.

తర్వాత రెండు రోజులకు అన్న దుకాణం పక్కనున్న చెప్పులు కుట్టే ముసలాయన డిపోకి వచ్చి పాతగుడ్డలో చుట్టిన మూట ఇచ్చాడు. అన్న పూర్తి చేద్దామనుకున్నాడని, సామాను సర్దే హడావుడిలో కుదరలేదని, ఎవరిచేతైనా కుట్టించుకోమన్నాడని చెప్పి వెళ్లిపోయాడు. పనివాళ్ల గదిలో మూట విప్పితే ఖాకీ చొక్కా. అన్న కొలత తీసుకోలేదు, తీసుకోనక్కర్లేదు కూడా. చిన్నోడు దాన్ని ఇంకెవరి దగ్గరికీ తీసుకెళ్లలేదు. అది ఇప్పటికీ ఆ గదిలో మేకుకే ఉంది, గుండీలు లేక ముందు తెరుచుకుని, చేతులు రెండూ తెల్లదారపు పెద్ద పెద్ద కచ్చా కుట్లతో భుజాలకు వేలాడుతూ.