పూల పేర్లకు ముప్పై శాతం

“రాయికి రాయితీ లేదండీ,” అంది స్తొయాంకా, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. అవతలి మనిషి పేరు కామెన్. కామెన్ అంటే రాయి.

“రాయి మీద నాచు మొలవదా?” అన్నాడతను.

“మొలిస్తే ఆ నాచునే వచ్చి గది తీసుకోమనండి.”

“పోనీ మా అత్తగారిది పువ్వు పేరే, వియొలెతా. ఆవిడ పేరున రాసెయ్యండి. ఆవిడ రాదు, నేనొస్తా.”

“గుర్తింపు కార్డు చూస్తామండీ. మీసాలున్న వియొలెతా వస్తే మా మేనేజరు ఒప్పుకోడు.”

అతను పడీపడీ నవ్వి ఫోన్ పెట్టేశాడు. స్తొయాంకా నవ్వలేదు. పొద్దుటినుంచి ఇలాంటివాళ్లు పదకొండుమంది. ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ ఆదివారం పువ్వుల పేర్లు, చెట్ల పేర్లు, మూలికల పేర్లు ఉన్నవాళ్లందరికీ పండగ. ఆ రోజు వేడినీటి బుగ్గల పక్కనున్న ఈ హోటల్లో దిగితే వాళ్లకు గది అద్దెలో ముప్పై శాతం తగ్గుతుంది. కంప్యూటర్లో ‘పువ్వు’ అనే కోడ్ కొట్టి, ఆ తర్వాత వచ్చినవాళ్ల పేరు కొట్టాలి. మేనేజరు కలోయాన్ తయారుచేసిన జాబితాలో ఆ పేరుంటే ధర దానంతటదే దిగుతుంది. లేకపోతే ఎర్ర అక్షరాలు వస్తాయి. కలోయాన్ నూట నలభై పేర్లు ఎక్కించి, ఇక ఈ దేశంలో పువ్వన్నది మిగల్లేదన్న ధీమాతో రాజధానికి వెళ్లి కూర్చున్నాడు.

స్తొయాంకాకు యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. హోటలువాళ్లు ఇచ్చిన నీలం కోటు చంకల దగ్గర బిగుతై, పై గుండీ ఎప్పుడూ ఊడదీసే ఉంటుంది. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతుంది. పది దాటాక పాదాలు పొంగుతాయి కనుక కౌంటరు కింద చెప్పులు విప్పేసి, మేజోళ్లతోనే చల్లటి పలకల మీద నిలబడుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే కౌంటరు. యజమానులు ముగ్గురు మారారు, గోడల రంగు నాలుగుసార్లు మారింది. ఆమె మారలేదు. ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పోయాక పుట్టిందని, ఇదైనా నిలవాలని తల్లి పెట్టుకున్న పేరు స్తొయాంకా. నిలిచింది. పేరూ నిలిచింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ పండగంటే ఆమెకు గిట్టదు. గిరాకీ ఎక్కువని అనుకుంటారు తోటివాళ్లు. అది కాదు. జాబితాలో వేలుపెట్టి మనిషి పేరు వెతికిన ప్రతిసారీ ఆమె చెవులు వేడెక్కుతాయి. ముప్పై నాలుగేళ్ల కిందట, ఎక్కడో తూర్పు కొండల్లో, ఒక పంచాయతీ ఆఫీసులో ఆమె టైపిస్టు. ఆ జనవరిలో తురుష్కుల పేర్లున్న వాళ్లందరూ ఆ పేర్లు వదిలేసి బల్గేరియా పేర్లు పెట్టుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బయట మంచులో సైనికులు, వాళ్ల మధ్య వరస. లోపల బల్ల మీద పేర్ల పుస్తకం. ఒక్కొక్కరూ వచ్చి ఒక పేరు ఏరుకునేవారు. ఏరుకోనివాళ్లకు ఆఫీసే ఏరి పెట్టేది. స్తొయాంకా టైపు కొట్టేది. ఏడు ఊళ్ల జనం పేర్లు మూడు రోజుల్లో కొట్టేసింది. అయిదేళ్లకు చట్టం మారి ఎవరి పేరు వాళ్లకు తిరిగొచ్చేసరికి ఆమె పెళ్లి చేసుకుని ఇంత దూరం వచ్చేసింది. ‘పైవాళ్లు చెప్పారు, నేను కొట్టాను’ అని జవాబు సిద్ధంగా పెట్టుకుంది. ఎవరైనా అడిగితే కదా. ఇంట్లో మొగుడికి కూడా తెలియదు.

పదకొండు గంటల బస్సు దిగి ఒకావిడ వచ్చింది. అరవై ఉంటాయి. పూలపూల తలగుడ్డ, చేతిలో గుడ్డసంచి, కుడి మోకాలికి కట్టు. పండగకని తలుపుకు కట్టిన విల్లో చెట్టు కొమ్మలు తలకు తగలకుండా వంగి లోపలికొచ్చింది. కౌంటరు మీద ఆనించిన వేళ్ల కొసలు పొగాకు ఆకులు గుచ్చీ గుచ్చీ గోధుమరంగు తేలి ఉన్నాయి.

“గురువారం ఫోన్ చేశానమ్మా. మోకాళ్లకు ఈ నీళ్లు మంచివని డాక్టరు చెబితేనూ. నా పేరు పనికొస్తుందా అని మిమ్మల్నే కదూ అడిగాను?”

గొంతు గుర్తుపట్టింది స్తొయాంకా. “నన్నే అక్కా. లాలే పువ్వు కాకపోతే ఇంకేది పువ్వన్నాను కూడానూ.” లాలే అంటే ట్యులిప్ పువ్వు. తురుష్కుల మాటలోనూ అదే, బల్గేరియా మాటలోనూ అదే. ఫోన్లో విన్నప్పుడు స్తొయాంకాకు పువ్వే కనిపించింది, మనిషి తట్టలేదు.

“మూడు రాత్రులుంటాను. జీవితంలో హోటల్లో దిగడం ఇదే మొదలు,” అంటూ ఆవిడ గుర్తింపు కార్డు ఇచ్చింది.

స్తొయాంకా కళ్లజోడు పెట్టుకుంది. లాలే హసనోవా. దాని కింద పుట్టిన ఊరు. ఆ ఊరు ఆమెకు తెలుసు. ఆ ఏడు ఊళ్లలో నాలుగోది. కొండవాలున మసీదు, కింద పొగాకు గిడ్డంగి. ఆమె చెవులు భగ్గుమన్నాయి. తలెత్తకుండా కోడ్ కొట్టింది, పేరు కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ పేరు జాబితాలో లేదు.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

“ఒక్క నిమిషం అక్కా,” అని అటు తిరిగి కలోయాన్‌కు ఫోన్ చేసింది.

“లాలే లేదు పిన్నీ, మనవాళ్లు పెట్టుకునే లాల్కా ఉంది,” అన్నాడు కలోయాన్. తొంభైలో పుట్టిన కుర్రాడు, నోట్లో ఏదో నములుతున్నాడు. “లాల్కా అని కొట్టేసెయ్. ఎవడు చూస్తాడు?”

“చేత్తో తగ్గించకూడదూ?”

“కిందటేడు చేత్తో తగ్గించి ఎన్ని చీవాట్లు తిన్నావో మర్చిపోయావా? కోడ్ లేకుండా పైసా తగ్గదు. ఒకటి లాల్కా, రెండు పూర్తి ధర. ఆవిడకు చవగ్గా వస్తుంటే నీకేం నెప్పి?”

స్తొయాంకా ఫోన్ పెట్టేసింది. ఆవిడ సంచి కింద పెట్టకుండా అలాగే నిలబడి ఉంది. మాట ఇచ్చింది తను. తెల్లవారకముందే బస్సెక్కి అంత దూరం నుంచి వచ్చిన మనిషికి, నీ పేరు మా దగ్గర పువ్వు కాదని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మేలు చేస్తున్నాననే అనుకుంది. నిజంగానే అనుకుంది. లాల్కా అని కొట్టింది. ధర దిగింది. బస చేసేవాళ్లు సంతకం పెట్టాల్సిన కార్డు చిన్న యంత్రంలోంచి వెచ్చగా బయటికొచ్చింది.

“ఏం లేదక్కా, మిషన్‌తో చిన్న పేచీ. కాగితం మీద లాల్కా అని పడింది. పేరంతా మీదే, చివర చిన్న తోక, అంతే. ఇక్కడొక సంతకం పెట్టండి.”

లాలే పెన్ను అందుకుంది. కార్డు వైపు చూసింది. ఆ తర్వాత స్తొయాంకా మొహం వైపు చాలాసేపు చూసింది.

“ఈ మాట నాకు ఇదివరకొకరు చెప్పారమ్మా. చిన్న తోక, అంతేనని.”

స్తొయాంకా కార్డును ఆవిడ వైపు ఇంకాస్త జరిపింది.

“మా పంచాయతీ ఆఫీసులో ఒక పిల్ల. ఇరవయ్యేళ్లుంటాయి. జలుబు చేసి ముక్కు కారిపోతుంటే నా చేతిరుమాలు ఇచ్చాను. పాపం, నాకు మంచి చేద్దామనే ఆ పేరు ఏరింది. దగ్గర పేరు, అలవాటు పడతావు అంది. మా అమ్మ మాత్రం పోయేదాకా అలవాటు పడలేదు. ఆస్పత్రిలో నర్సు కొత్త పేరుతో పిలిస్తే, నన్ను కాదని ఊరుకునేది.” పెన్ను మూత తీసింది. “ఆ పిల్లకు ఇప్పుడు మీ వయసుంటుంది.”

చేతిరుమాలు స్తొయాంకాకు గుర్తుంది. అంచున పచ్చ దారం కుట్టు. తిరిగి ఇవ్వలేదు. కౌంటరు కింద ఆమె కాలివేళ్లు ముడుచుకున్నాయి. అది నేనే అక్కా. మూడే ముక్కలు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదనుకుంది, ఇప్పుడు అడక్కుండానే దారి ఇచ్చింది ఈ మనిషి. స్తొయాంకా నోరు తెరిచింది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“పూర్తి ధర అయితే మీ పేరే వస్తుందండీ.”

అక్క పోయి అండీ వచ్చిందని ఆమెకే వినిపించింది. 

లాలేకు కోపం రాలేదు. “అంటే నా పేరుతో ఉండాలంటే నాకు ఖరీదెక్కువ,” అంది. “పోనీలెండి. మోకాళ్లు ఇన్నాళ్లు ఓర్చుకున్నాయి. అదే బస్సు తిరిగి వెళ్తుందేమో కనుక్కుంటాను.”

“ఆగండి, అక్కా, ఆ పిల్ల—”

ఫోన్ మోగింది. ఎత్తకపోతే కొంపలేమీ మునిగిపోవు. స్తొయాంకా ఎత్తింది.

“నెవెనా అండీ? ఉందండీ, జాబితాలో ఉంది. ఎన్ని రాత్రులకు?”

ఇద్దరు మనుషులు, రెండు రాత్రులు, పెరటివైపు గది. అవన్నీ రాసుకుంటూ కంటికొసతో చూసింది. లాలే కౌంటరు మీద వంగి ఏదో చేసింది, పెన్నుకు మూత పెట్టింది, గుర్తింపు కార్డు జేబులో వేసుకుంది. మంచి కాలు ముందు వేసి, కట్టున్న కాలు వెనక లాక్కుంటూ మెట్లు దిగింది. నెవెనా ఇంకా అడుగుతూనే ఉంది, పొద్దున ఫలహారంలో చేప ఉంటుందా, కుక్కపిల్లను తేవచ్చా అని. స్తొయాంకా అన్నిటికీ జవాబు చెప్పింది. పెట్టేసి చెప్పుల కోసం కాలితో తడిమింది. ఒకటి దొరికింది. రెండోది బల్ల కిందికెక్కడికో జారిపోయింది. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని లాగి తొడుక్కుని వీధిలోకి పరిగెత్తేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. ఆగే చోటున సిగరెట్టు కాలుస్తున్న టాక్సీవాడు తప్ప ఎవరూ లేరు.

“ఎవరైనా ఏదైనా మర్చిపోయారా పిన్నీ?” అన్నాడు వాడు.

“లేదు,” అంది స్తొయాంకా.

లోపలికొచ్చింది. కౌంటరు మీద కార్డు పడి ఉంది. అచ్చులో ఉన్న లాల్కా తోకను నల్ల ఇంకుతో కొట్టేసి, పైన వంకరటింకర అక్షరాలతో లాలే అని దిద్ది ఉంది. దాని కింద సంతకం గడి ఖాళీగా ఉంది.