సుత్తి ఉండాల్సిన చోటు

మా అన్నయ్య మొదటిసారి ఇనప రాడ్డు పట్టుకుని వచ్చేనాటికి, అమ్మా నేనూ ఉండే ఇంటి ముందుగదికి వేసిన సున్నం వాసన ఇంకా పోలేదు. ఆ గదిలో నేను సైకిళ్ళు బాగుచేసే పని మొదలుపెట్టాను. వాడు వస్తూనే గోడకి ఆనించిన చక్రాలను చితక్కొట్టాడు. తరువాత డబ్బాలు తన్నాడు. బేరింగు గుండ్లు గదంతా దొర్లాయి. పనిముట్లు తగిలించిన చెక్కను గోడ నుంచి ఊడబీకి, కింద పడేసి తొక్కాడు. అడ్డం వెళ్తే రాడ్డు కొసతో నా డొక్కలో పొడిచాడు.

"నా గిరాకీ లాక్కుని నా నోట్లో మట్టి కొడతావటే? ఇంకోసారి ఈ గదిలో సుత్తి చప్పుడు వినబడిందా, ఆ పుర్రచెయ్యి విరిచేస్తా!"

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వాడు వెళ్ళాక, "మానెయ్యవే తల్లీ. వాడి కోపం నీకు తెలీదా?" అంది. తెలియకపోవడమేం, కొట్టడానికి వాడు అక్షరాభ్యాసం నా వీపు మీదే చేశాడు.

పుర్రచెయ్యి అంటే నా ఎడమ చెయ్యి. పుట్టినప్పటి నుంచి నా పనంతా దానితోనే. చిన్నప్పుడు ఎడమచేత్తో ఏది అందుకోబోయినా అమ్మ "ఆ చెయ్యి కాదు" అని గరిటె కాడతో మెటికల మీద కొట్టేది. అన్నం తినే చెయ్యి మారింది గాని, పానా పట్టే చెయ్యి మారలేదు. నాన్న మాత్రం, "చక్రం తిన్నగా తిరిగితే చాలు, ఏ చేత్తో తిప్పితే ఏం" అని నవ్వేవాడు.

నాన్న పోయాక ఆయన సైకిలు దుకాణం అన్నయ్యదయింది. చక్రాల వంకర తీయడం నా వంతు, గొప్పలు చెప్పుకోవడం వాడి వంతు. వాడు పుల్లలు బిగించి కట్టిన చక్రం వీధి మలుపు తిరిగేలోపే ఊగేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు ఎప్పుడూ పుల్లలదే. ఒకసారి పాలాయన పొరపాటున, "చెల్లెమ్మ చేత కట్టించు బాబూ" అన్నాడు. అన్నయ్య ఆయన ఎదుటే పాత చైను తీసి నన్ను బాదాడు. ఆ సాయంత్రమే నా పానాలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను. గిరాకీని నేను లాక్కోలేదు. అదే నా వెనక నడిచి వచ్చింది.

మానెయ్యమని చెప్పడం తేలికే. నాకు వచ్చిన పని ఇదొక్కటి, దాన్ని చేసే చెయ్యి ఇదొక్కటి. డొక్క పట్టుకుని నేల మీద బేరింగు గుండ్లు ఏరుకుంటూ ఏడ్చాను. భయంతో కాదు, ఒళ్ళు మండి.

ఏరుతూ ఏరుతూ గోడకేసి చూశాను. గదిని నేను అచ్చం నాన్న దుకాణంలాగే సర్దాను. బల్ల మధ్యలో ఇనప ముక్కల్ని బిగించి పట్టే వైసు, దాని కుడి పక్క గోడకి భుజమంత ఎత్తులో సుత్తి, సుత్తి కింద పటకారు. "చూడకుండా చెయ్యి చాస్తే పనిముట్టు చేతికి రావాలి. వెతుక్కునేవాడు పనివాడు కాదు" అని నాన్న మాకిద్దరికీ నూరిపోశాడు. మాట మంచిదే, కాని ఆయన చాచింది కుడి చెయ్యి. అన్నయ్య చాచేదీ అదే. నేను మాత్రం ఇన్నేళ్ళుగా ప్రతి దెబ్బకీ నడుం మెలితిప్పుకుని సుత్తి అందుకుంటున్నాను. గది ఎలాగూ నాశనమయింది. మళ్ళీ సర్దక తప్పనప్పుడు ఇంకా ఎవరి కోసం కుడిపక్క?

చెక్కను అతికించి ఎడమ గోడకి బిగించాను. ఒక్కొక్క పనిముట్టు చుట్టూ బొగ్గుతో గీత గీసి, ఎక్కడిది అక్కడే తగిలించాను. పుల్లల్ని పొడవును బట్టి పైపు ముక్కల్లో నిలబెట్టాను. కుడిపక్క ఖాళీ అయింది. అక్కడ కప్పు దూలానికి తాళ్ళు కట్టి, బాగుచేసే సైకిలు గుండెల ఎత్తున వేలాడేలా చేశాను. ఇక నడుం వంచే పని లేదు. కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి చాచాను. సుత్తి చేతిలోకి వచ్చింది. పెద్దగా నవ్వాను.

"పిచ్చి పట్టిందా?" అంది అమ్మ లోపలి నుంచి.

సుత్తి చప్పుడు వీధి దాటినట్టుంది. ఈసారి అన్నయ్య వట్టి చేతులతో వచ్చాడు. నేను పాలాయన సైకిలు చైనుకి నూనె వేస్తున్నాను. దాని రేకు కవరు విప్పి పక్కన పెట్టాను. వెనక నుంచి జుట్టు పట్టుకుని నా మొహాన్ని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. తేరుకునేలోపు నా ఎడమ మణికట్టును వైసు మీద అదిమి, ఒంటి బరువంతా నా వీపు మీద వేశాడు.

"చెప్పానా లేదా? విన్నావా?"

"అన్నయ్యా, వద్దు. ఆ చెయ్యి వద్దు."

"అదే కావాలి నాకు."

అమ్మ కేక వేసింది. వాడు అటు తిరగలేదు. నా చేతి మీద నుంచి కళ్ళు తియ్యకుండా, సుత్తి కోసం కుడి చెయ్యి చాచాడు. నాన్న నేర్పినట్టే. సుత్తి ఉండాల్సిన చోట వాడి వేళ్ళకి చైను తగిలింది. అర్థం కాక ఇంకా తడిమాడు. వేళ్ళు చైను మీద, పళ్ళ చక్రం అంచున ఉన్నాయి. పెడలు నా కుడి చేతికి దగ్గరగా ఉంది.

నాకు అంతా తెలుసు. తెలిసే తిప్పాను.

చైను వాడి వేళ్ళను పళ్ళ కిందికి లాక్కుపోయింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నా చెవి పక్కనే వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. నెత్తురు నూనెలో కలిసి నా మోచేతి మీద పడింది.

"తియ్యవే! వెనక్కి తిప్పవే!"

"ముందు నా చెయ్యి వదులు."

"చచ్చిపోతున్నానే!"

"వదులు."

ఇంకో పావు చుట్టు తిప్పాను. వాడి పట్టు ఊడిపోయింది. అప్పుడు పెడలు వెనక్కి తిప్పాను. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను ఎడమ చెయ్యి చాచాను. సుత్తి చేతిలోకి వచ్చింది. వాడు దాన్ని చూసి, గోడను చూసి, బొగ్గు గీతల్ని చూశాడు.

"అక్కడ... అక్కడెందుకు పెట్టావ్?"

"కుడిపక్క ఉన్నదాన్ని తొక్కింది నువ్వే కదా."

సుత్తి ఎత్తే ఉంచాను. ఇంకో మాట అనుంటే వేసేదాన్నే. వాడు చేతిని చొక్కాలో చుట్టుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారని తరువాత విన్నాను. పాపం అనిపించలేదు. అనిపించాలని అమ్మ ఆశించిందేమో, నాకు తెలియదు.

కిరసనాయిలు గుడ్డతో చైను తుడవడం మొదలుపెట్టాను. ఎడమ మణికట్టు వాచింది. వేళ్ళు ముడిచి చూసుకున్నాను. అన్నీ కదిలాయి. అమ్మ లోపలికి వచ్చి, పెనుగులాటలో పడిపోయిన పానాను నేల మీద నుంచి తీసింది. దాని నెత్తుటి మరకను తన కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఏడుస్తూనే ఉంది, ఎవరి కోసమో నేను అడగలేదు.

పానా నాకు అందించబోయింది. అమ్మ ముందు చిన్నప్పటి భయం ఎక్కడికి పోతుంది, నేను కుడి చెయ్యి చాచాను.

"ఆ చెయ్యి కాదు" అంది అమ్మ.