ఇజ్రాయేలు జెండా మోయవలసిన ఆదివారం

యూదులు దేవుడు ఏరుకున్న ప్రజలని పాస్టరు చెబుతాడు. యేసును నమ్మనివాళ్లకు పరలోకం లేదనీ ఆయనే చెబుతాడు. రెండూ వాక్యంలో ఉన్నవే. అలాంటప్పుడు మోరిస్ గ్లాట్ ఎక్కడికి పోతాడు? ఏళ్లుగా వెల్మా ప్రూయిట్‌కు తెగని సందేహం ఇది. ఆ ఆదివారం పొద్దున కూడా ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ దాన్నే తలపోస్తోంది.

అవతల మోరిస్ యంత్రంలోంచి తడిబట్టలు తీసి బుట్టలో వేస్తున్నాడు. వంగిన వీపు, సబ్బునీళ్లకు పాలిపోయి ముడతలు పడ్డ వేళ్లు. మిసిసిపీలోని ఆ చిన్న ఊళ్లో మిగిలిన యూదుడు అతనొక్కడే. ఏటా క్రిస్మస్‌కు వెల్మాను ఇంటికి పంపి ఆమె ఇస్త్రీ కూడా తానే చేసేవాడు. బదులుగా తన పండగలప్పుడు ఆమె చేస్తానంటే ఒక్కసారీ ఒప్పుకోలేదు.

ఆ రోజు చర్చిలో ఇజ్రాయేలు కోసం ప్రత్యేక ఆరాధన. జెండా పట్టుకుని అందరికంటే ముందు నడిచే భాగ్యం వెల్మాకు దక్కింది. వారం రోజులుగా ఆమె కాళ్లు నేలమీద లేవు.

"జాగ్రత్తగా పట్టుకోమ్మా," అన్నాడు మోరిస్. "ఆ దేశం మొహం నేనెప్పుడూ చూడలేదు. నాకంటే మీకే చుట్టరికం ఎక్కువ."

"మీరూ రావచ్చుగా మోరిస్ గారూ. మావాళ్లు నెత్తిన పెట్టుకుంటారు."

"పెట్టుకుంటారు. దించేటప్పుడు తిన్నగా బాప్తిస్మం తొట్టిలోకే దించుతారు."

ఆమెకు నవ్వాగలేదు. కాస్త ఊపిరి తీసుకుంటానని అతను బట్టల మూట మీద కూర్చున్నాడు. ఆమె మరో దుప్పటి మడిచి తిరిగి చూసేసరికి అతని తల గోడకు వాలి ఉంది. పిలిస్తే పలకలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందన్నాడు.

వరండా చివరి గదిలో పడుకోబెట్టారు. మెంఫిస్‌లో ఉన్న మేనల్లుడు వచ్చేసరికి సాయంత్రమవుతుందట. తన తల్లి పోయినప్పుడు మోరిస్ చెప్పిన మాట వెల్మాకు గుర్తొచ్చింది. మట్టిచేసేదాకా శవాన్ని ఒంటరిగా వదలకూడదు. పక్కన కూర్చుని కీర్తనలు చదవాలి. అప్పుడు తనను ఒక్క పూటైనా లేపి తన బదులు కూర్చునే మనిషి లేకపోయాడని కూడా చెప్పాడు. ఆమె ఒక ఇనుప కుర్చీ లాక్కుని అతని తలదగ్గర కూర్చుంది. సంచిలోంచి బైబిలు తీసింది.

ఆరాధన వేళకు పాస్టరే వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అందరూ నీకోసమే చూస్తున్నారు సిస్టర్. జెండా ఎవరు మోస్తారు?"

"ఎవరైనా మోస్తారండీ. ఈయన దగ్గర కూర్చోవడానికే ఎవరూ లేరు."

"పోయినవాళ్ల కోసం ప్రార్థించడం మన పద్ధతి కాదు కదమ్మా."

"ప్రార్థన కాదండీ. క్రిస్మస్ బాకీ."

పాస్టరు తల వంచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

రోడ్డవతల చర్చిలో పాటలు మొదలయ్యాయి. వెల్మా గొంతు పెంచి దావీదు కీర్తనలు చదివింది. సందేహం తీరలేదు. అయినా ఏ ఆరాధనలోనూ ఆమె అంత నిటారుగా కూర్చోలేదు.

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. పొద్దుటినుంచీ ఆమె లేవలేదని నర్సు చెబితే ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆయన ఎన్నో క్రిస్మస్‌లు ఇచ్చాడు బాబూ. నేనిచ్చింది ఒక్క ఆదివారం," అంది వెల్మా.

మోరిస్‌ను తీసుకువెళ్లారు. దీపం ఆర్పేశాక కూడా ఆ ఇనుప కుర్చీ ఖాళీ మంచం తలవైపుకే తిరిగి ఉంది.