గంజి పోసిన గ్రంథి

మిట్టమధ్యాహ్నం లాండ్రీ ఇస్త్రీ హాలులో దుప్పట్లు నొక్కే ఆవిరి రోలర్లు బుసలు కొడుతున్నాయి. హోటళ్ల దుప్పట్ల మీద బయటి మసి పడకుండా కిటికీలన్నీ మూసి మేకులు కొట్టారు. మసి పడితే ఒక పూట కూలి కోత. మనిషి పడితే మాత్రం మెషీన్ ఆగదు.

ఒకే ఇంటి కోడళ్లిద్దరిదీ అక్కడే పని. మొన్న చిన్నకోడలు ఆ ఉక్కకు కళ్లు తిరిగి రోలరు మీద వాలింది. చెయ్యి కాలింది. "ముందు దుప్పటి కాలిందేమో చూడండే!" అన్నాడు సూపర్‌వైజరు. పెద్దకోడలు బకెట్టెత్తి, బట్టలకు పెట్టాల్సిన గంజి అతగాడి బుర్రకు పెట్టింది.

ఈవేళ విచారణ. పెద్దకోడలికి చేయించిన రక్తపరీక్ష చూసిన డాక్టరును వెంటబెట్టుకుని యజమాని హాలుకే వచ్చాడు.

"ఈవిడ తప్పేం లేదండీ. గొంతులో ఒక గ్రంథి అతిగా పనిచేస్తోంది. ఆ కోపం దానిదే," అన్నాడు డాక్టరు.

గ్రంథమంత బతుకును గ్రంథిలో కుక్కేశాడు మహానుభావుడు! సూపర్‌వైజరు మొహం ఇస్త్రీ చేసినట్టు విచ్చుకుంది.

"విన్నావుగా అమ్మాయ్? ఈ మాత్ర మా ముందు మింగు, పనిలో ఉండు. లేదా ఇంటికెళ్లు," అన్నాడు యజమాని.

చిన్నకోడలు కట్టుతో మంచం పట్టింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇక ఈమె జీతమొక్కటే దిక్కు. పెద్దకోడలు అరచేతిలోని మాత్రను చూసింది.

"మరి ఆ కిటికీలకు మేకులు కొట్టిందెవరి గ్రంథి సార్?"

"అయ్యగారికి రెండుంటాయే పిల్లా! ఒకటి లాభానికి, రెండోది ఇంకాస్త లాభానికి," అంది దుప్పట్లు మడిచే ముసలామె. హాలంతా గొల్లున నవ్వింది.

డాక్టరు ఇబ్బందిగా కదిలాడు. "కారణాలు వెతికితే వంద ఉంటాయమ్మా. మేం వైద్యం చెయ్యగలిగేది ఒకదానికే."

"చెయ్యండి. కిటికీకి చెయ్యండి."

డాక్టరు కిటికీ మేకుల వంక చూసి, చూపు తిప్పుకున్నాడు.

"గంజి నేనే పోశాను. ఒళ్లు తెలిసే, కసిదీరా పోశాను. నా కోపాన్ని ఏ గ్రంథికీ దానం చెయ్యను." మాత్రను యజమాని జేబులో వేసి వెనక్కి తిరిగింది. "అవ్వా, ఆ తలుపు మూసెయ్!"

ముసలామె తలుపు మూసి, వీపు ఆనించి కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకతె. ఆపైన అందరూ. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు కళ్లద్దాలు మసకబారాయి. యజమాని కాలరు తడిసింది, మొహం కందింది.

"తలుపు తియ్యండే, చంపేస్తా!"

"డాక్టరుగారూ, ఆయన గొంతు కూడా పట్టి చూడండి," అంది పెద్దకోడలు.

తలుపు దగ్గర ఒక్కరూ లేవలేదు.