ముప్పై గ్రాముల మర్యాద

సముద్రపు రేవైన మా కెలీబియాలో గేలం వేసే మగవాడెవడూ తాను విసిరే సీసం గుండు బరువు ఉన్నదున్నట్టు చెప్పడు. ముప్పై గ్రాములు కలిపి చెబుతాడు. దాన్ని మా ఊళ్ళో అబద్ధమనరు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకోవడం లాంటిది. గేలపు కర్రలు కట్టేవాణ్ణి కాబట్టి నేను ఆ ముప్పై తీసేసి, మిగిలిన బరువుకి తగిన బోడికర్ర ఎంచుతాను. కట్టడం పూర్తయ్యాక పిడి పైన మాత్రం ఆయన చెప్పిన అంకే రాస్తాను. పదిహేనేళ్ళుగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

బోడికర్ర అంటే రింగులు, పిడి, రీలు కూర్చునే చోటు ఏవీ లేని ఉత్త కార్బన్ గొట్టం. మొదలు బొటనవేలంత లావు, కొస అగ్గిపుల్లంత సన్నం. తక్కినవన్నీ ఊడదీసి మళ్ళీ కట్టుకోవచ్చు. బోడికర్ర తప్పు ఎంచితే దాని మీద ఎంత ముచ్చటగా దారం చుట్టినా అది తప్పు కర్రే. ముప్పై ఒక్కేళ్ళు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పిన నాకు, ఆ చెప్పినదాంట్లో ఇప్పటికీ రోజూ పనికొస్తున్నది వంపు పాఠం ఒక్కటే. కర్ర మొదలు గోడకున్న పట్టులో బిగించి, కొసకి సీసపు గుళ్ళ సంచీ వేలాడదీసి, ఎంత వంగిందో గోడ మీద గీత గీస్తాను. నా భార్య జాజియా ఉన్నప్పుడు ఏటా ఆ గోడకి సున్నం వేయించేది. ఆమె పోయాక ఆరేళ్ళ గీతలు అలాగే ఉండిపోయాయి. చూసేవాళ్ళు అదేదో శాస్త్రమనుకుంటారు కాబట్టి నా పరువు దక్కింది.

దలందా వచ్చింది ఒక గురువారం పొద్దున. ముప్పై నాలుగేళ్ళుంటాయి. రేవులో ఐసు దిమ్మలు మోసే పని. మా గేలం క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి.

“మాష్టారూ, నాకో కర్ర కావాలి. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పోటీ.”

“పాతదేమైంది?”

“మా బావ కారు తలుపేశాడు. కొస బయటుంది.”

“చూసుకోలేదా?”

“నేను చూశాను. ఆయన చూళ్ళేదు.”

పోటీ సంగతి నాకు తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, ఈమెతో కలిపి, పదకొండు మంది ఆడవాళ్ళు వస్తారు. మొదటి ముగ్గురిని ప్రాంతీయ జట్టులోకి తీసుకుంటారు. పోయినేడు దలందా ఒక్క చేప తేడాతో నాలుగో స్థానంలో ఆగింది. ఈసారి కూడా అలాగే అయితే క్లబ్బు ఇక ఆడవాళ్ళని పంపదని అధ్యక్షుడు లారూసీ చెప్పేశాడు. లారూసీ నా చిన్ననాటి స్నేహితుడు. పంతొమ్మిదేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. ఇంకెవరూ ఆ పని అడగలేదు.

“ఎంత సీసం విసురుతావు?”

“నూట ముప్పై.”

నేను పుస్తకంలో వంద అని రాసుకున్నాను. పదేళ్ళుగా మంచు దిమ్మలు మోసిన ఆ భుజాలు నా ఎదురుగానే ఉన్నాయి. అయినా నేను కాగితం చూశాను గాని భుజాలు చూడలేదు.

కొట్లో రెండే బోడికర్రలు మిగిలాయి. ఒకటి మెత్తనిది, వంద గ్రాములకి. రెండోది గట్టిది, నూట ముప్పైకి. గట్టిదాని మీద లారూసీ పేరుతో చీటీ అంటించి ఉంది. ఆయన నూట అరవై అన్నాడు, నేను ముప్పై తీశాను. కొత్త సరుకు తెప్పించాలంటే మూడు వారాలు. మెత్తదాన్ని దలందాకి తీసి, జాజియా కుట్టుపెట్టెలోని ఆకుపచ్చ పట్టుదారంతో రింగులు కట్టి, జిగురు ఆరాక పిడి పైన నూట ముప్పై అని రాశాను.

సోమవారం మధ్యాహ్నం ఇద్దరం మన్సూరా తీరానికి వెళ్ళాం. దలందా చెప్పులు విప్పి, కాళ్ళు ఇసుకలో నాటుకుని, అంగలు కొలిచే వీలుండేలా తీరం వెంబడే నూట ముప్పై గుండు విసిరింది. కర్ర వంగింది. ఇంకా వంగింది. అక్కడ ఆగి వెనక్కి కొట్టాల్సింది పోయి, ఉడికిన మకరోనీలా వంగుతూనే ఉండి, గుండు వెళ్ళిపోయాక తీరిగ్గా లేచింది. మూడుసార్లు విసిరితే ఒక్కసారీ ఎనభై అయిదు అంగలు దాటలేదు. మన్సూరాలో మన్కూస్ చేప ఇసుక మిట్ట దాటాక ఉన్న పల్లంలో మేస్తుంది. నూటపది అంగలకి తక్కువ పడితే ఎర వేసింది ఇసుకకే.

ఆమె కర్రని తిప్పి నా చేతిరాత చదివింది.

“మాష్టారూ, ఇది నూట ముప్పైదేనా?”

కొత్త కర్ర కదా, వాడగా వాడగా సర్దుకుంటుందని చెప్పవచ్చు. కార్బన్ అలా సర్దుకోదని ఆమెకి తెలియకపోవచ్చు కూడా.

“వందది,” అన్నాను.

“నూట ముప్పై అని రాసుంది.”

“రాసింది నేనే.”

ఎందుకో చెప్పాను. ఆమె ఎర బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని మొత్తం విన్నది.

“అయితే నా ముప్పై తీసి ఎవరికిచ్చారు?”

“ఎవరికీ ఇవ్వలేదమ్మా. అందరూ కలిపి చెబుతారు, అందుకని తీస్తాను.”

“నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితేగా కలిపి చెప్పడం నేర్చుకునేది.”

నేనొక ఉపాయం చెప్పాను. లారూసీ కర్రకి పగులు వచ్చిందంటాను, అది నీకు కట్టేస్తాను, ఆయన మూడు వారాలు ఆగుతాడు.

“వద్దు మాష్టారూ. ఒక అబద్ధానికే కర్ర ఇంత మెత్తబడింది. రెండోదానికేమవుతుందో నాకు చూడాలని లేదు. ఆయన్నే అడుగుదాం పదండి.”

లారూసీ రేవు పక్క కేఫులో పేకాడుతున్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది. అందరి ఇళ్ళలోనూ నేను కట్టిన కర్రలున్నాయి. చాటుకి పిలిచి మాట్లాడదామనుకున్నాను. కానీ లారూసీ ముక్కలు పట్టుకుని లేచే మనిషి కాదు.

“ఒరేయ్, నీ గట్టి కర్ర ఈ అమ్మాయికివ్వాలి. తప్పు నాది,” అని మొదలుపెట్టి, ముప్పై గ్రాముల కథ అందరి ముందే చెప్పాను. చెబుతుండగానే ఒక్కో బల్ల దగ్గరా ఆట ఆగిపోయింది. పదిహేనేళ్ళ పని ఇవాళ్టితో సరి అనుకున్నాను.

లారూసీ ముక్కలు బోర్లించి పెట్టాడు.

“అదేమన్నా రహస్యమా? నువ్వు ముప్పై తీస్తావని ఊరందరికీ తెలుసు. తీస్తావనే కదరా కలిపి చెబుతాం.”

“మీరు కలుపుతారనే కదా నేను తీసేది.”

“ముందు మొదలెట్టింది నువ్వే.”

“నేను కాదు. మొదటి కర్ర నీకే కట్టాను. నువ్వే కలిపావు.”

“నువ్వు తీసే రకమని నీ మొహం చూస్తేనే తెలిసింది. అందుకే కలిపాను.”

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు చేరి కాసేపు వాదించుకున్నారు. ఏమీ తేలలేదు. తేలినా ఎవరి కర్రా మారేది కాదు.

“ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేం?” అంది దలందా.

“నువ్వు కేఫుకి రావుగా,” అన్నాడు లారూసీ.

“వస్తే కూర్చోమన్నదెవరు?”

కేఫు కుర్రాడు కాదు, యజమానే లేచి వచ్చి ఒక కుర్చీ తుడిచి ఆమె వెనక పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె కూర్చుంది.

“చూడమ్మాయ్,” అన్నాడు లారూసీ. “నూట అరవై అన్నానంటే నూట ముప్పై అని అర్థం. ఆ కర్ర నాకు సరిపోయిందే. నా లెక్కలో తప్పు లేదు.”

లెక్కలో లేదు. భుజంలో ఉంది. పోయిన చలికాలం ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి వంద గ్రాములు విసరడమే గొప్ప. చీటీ అంటించిన రోజునే నాకు తెలుసు. కానీ ముప్పై తీస్తే మర్యాద, అరవై తీస్తే అవమానం. అందుకని తీయలేదు.

అడిగింది దలందానే.

“లారూసీ గారూ, ఒక్క మాట. ఈ మెత్తదాంతో ఒకసారి, మీ పాతదాంతో ఒకసారి విసరండి. పాతది దూరం పడిందా, గట్టి కర్ర మీరే ఉంచుకోండి. మళ్ళీ నోరెత్తను.”

“మరి ఆదివారం?” అన్నాడు లారూసీ.

“ఆదివారం దీంతోనే వెళ్తాను. నాలుగో స్థానం నాకు అలవాటే.”

పేక ముక్కలు అలాగే వదిలేసి కేఫంతా తీరానికి నడిచింది.

ఈసారీ తీరం వెంబడి ఇసుక మీదికే విసరాలి. మొదట ఆయన పాత కర్ర. దాని మీద నూట అరవై అని రాసి ఉంది, గుండు నూట ముప్పై. లారూసీ ఒకప్పుడు విసిరితే జనం పని మానుకుని చూసేవారు. ఇప్పుడు చెయ్యి భుజం దాటి పైకి లేచేసరికి పళ్ళు బిగించాడు. గుండు డెబ్భై ఒక్క అంగల దూరంలో పడింది. తరవాత మెత్తనిది, వంద గ్రాముల గుండుతో. ఆయన పెద్దగా బలం పెట్టలేదు. కర్రే తాపీగా వంగి, తాపీగానే పైకి లేచి, గుండుని తీసుకెళ్ళి తొంభై నాలుగు అంగల దగ్గర దింపింది.

లారూసీ రీలు చుట్టుకున్నాడు, చాలాసేపు.

“గాలి మారింది,” అన్నాడు.

తీరం కాపలా గుంజ మీద జెండా తడి తువ్వాలులా వేలాడుతోంది. అందరూ అవును మారిందన్నట్టు తలలూపారు. ఊపి, ఒకరి తరవాత ఒకరు దలందా వైపు చూశారు. ఒక్క గ్రాము కూడా కలపని మనిషి అక్కడ ఆమె ఒక్కతే.

దలందా వేలు నాలుక మీద తడిచేసుకుని పైకెత్తి పట్టుకుంది. తొందరేం పడలేదు.

“తూర్పు గాలి,” అంది. “ఇప్పుడే లేచింది.”

“అదీ సంగతి,” అన్నాడు లారూసీ. “ఈ కాలంలో ఈ గాలి ఓ పట్టాన తగ్గదు. అంతదాకా నాకు మెత్తదే నయం. ఒరేయ్ ఫెర్జానీ, గట్టిది అమ్మాయికి కట్టెయ్.”

మంగళవారం పొద్దున్నే దలందా కొట్టుకొచ్చింది. ఈసారి నేను ఏ అంకే అడగలేదు. బోడికర్ర చేతికిచ్చి, కొస పైకప్పుకి ఆనించి నొక్కమన్నాను. నొక్కింది. ఒక చోటికి వంగి ఆగింది. ఆపైన ఎంత నొక్కినా ఎదురు తోస్తోంది. ఆమె మొహంలో ఏదో సర్దుకుంది. కొనబోయే చెప్పు కాలికి సరిపోయినప్పుడు మనుషుల మొహం అలా ఉంటుంది. తరవాత దాన్ని నేల మీద ఆనించి, కర్ర నడిమధ్యలో నొక్కి దొర్లించాను. ప్రతి గొట్టానికీ గట్టి పక్క ఒకటుంటుంది. వదిలేస్తే తనంతట తానే తిరిగి ఎటు పడుకోవాలో అటు పడుకుంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి రింగులు ఆ వరసలో కట్టాను.

“విసిరేటప్పుడు ఒక్కసారిగా గుంజకు,” అన్నాను. “గట్టి కర్ర కదా, గుంజితే ఎర ఊడి ఒక దారి, గుండు ఒక దారి పోతాయి.”

“మంచు దిమ్మ కూడా గుంజితే రాదు మాష్టారూ. కదిలించి ఎత్తాలి.”

బుధవారం దారం, గురువారం జిగురు. ఆ రెండు రోజులూ సముద్రం మీంచి తేమ కొట్టి, శుక్రవారం సాయంత్రానికి కూడా జిగురు వేలికి అంటుతూనే ఉంది. కర్రని నా పడకగదిలో హీటరు పక్కన పెట్టుకుని, నేను వంటింట్లో పడుకున్నాను. శనివారం పొద్దున గోరుతో నొక్కి చూస్తే గుర్తు పడలేదు. ఆ పూట కాఫీ మామూలు కంటే బాగుంది.

ఆదివారం పోటీ, ఏడింటి నుంచి పన్నెండు దాకా, మన్సూరాలోనే. ఆడవాళ్ళు పదకొండు మంది వరసగా నిలబడ్డారు. మేం తాడు వెనక. దలందా వాడే దారానికి పాతిక మీటర్లకొక రంగు. మొదటి విసురుకి నాలుగు రంగులూ రీలు మీంచి వెళ్ళిపోయి అయిదోది కనబడింది. నా పక్కనున్న లారూసీ దగ్గాడు.

రెండున్నర గంటలు ఏ చేపా ముట్టలేదు, ఆమెకే కాదు, ఎవరికీ. తొమ్మిదిన్నరకి అటు చివర సులైమాన్ ఊరి అమ్మాయి వరసగా మూడు లాగింది. పదికి దలందా ఒకటి. తరవాత రెండు. సరిగ్గా మిట్ట దాటిన పల్లంలోనే పడుతోంది గుండు. ఆమె తొందర పడడం లేదు. ఎర కట్టడం, కదిలించడం, ఎత్తడం. పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆమెకి ఎనిమిది చేపలు, పక్కన మెన్జెల్ తెమీమ్ నుంచి వచ్చిన ఆవిడకీ ఎనిమిది. మొదటి రెండు స్థానాలు అప్పటికే ఎవరికీ అందనంత దూరం పోయాయి.

“ఇంకొక్కసారి విసరడానికి టైముందా?” అన్నాడు లారూసీ.

“ఉంది.”

“ఎర ఊడితే?”

“ఊడదు.”

ఊడలేదు. కర్ర కొస రెండుసార్లు సన్నగా తల ఊపింది. ఆమె లాగింది. అరచేయంత మన్కూస్. పెద్దదేం కాదు, కానీ తొమ్మిదోది. ఈల ఊదాక కొలతబద్ద మీద పెట్టి చూశారు. ఉండాల్సిన పొడవు కంటే ఒక అర అంగుళం ఎక్కువే ఉంది. చేపని నీళ్ళలోకి వదిలేశారు. అది ఒక క్షణం ఎటు వెళ్ళాలో ఆలోచించి వెళ్ళిపోయింది.

లారూసీ ఫలితాల కాగితం దగ్గరికి వెళ్ళి, వచ్చి, “మూడు,” అన్నాడు. ఇంకాసేపటికి, “వచ్చే ఏడు ఇంకో ఆడమనిషిని కూడా చూడాలిరా. ఒక్కర్నే పంపితే బాగోదు,” అన్నాడు.

జట్టు పత్రం మీద సంతకానికి దలందాని పిలిచారు. పత్రాలు మూడు ప్రతులట, పెన్ను ఒకటే. తిరిగి వచ్చేదాకా పట్టుకోమని కర్ర నా చేతికిచ్చి వెళ్ళింది. పిడి ఇంకా తడిగా, ఇసుకగా, కొంచెం వెచ్చగా ఉంది. ఎండ ఎక్కింది. ఎవరో నేను అడగకుండానే తమ గొడుగు నా వైపు జరిపారు.